మిషన్ పక్కన టీకా మాట

ఈసీఐఎల్ చౌరస్తా తెల్లవారకముందే మేలుకుంటుంది. కుషాయిగూడ డిపో నుంచి తొలి బస్సులు బయటికొస్తాయి. చర్లపల్లి పారిశ్రామికవాడకు పోయే కంపెనీ వ్యాన్లు రోడ్డు పక్కన హారన్లు కొడతాయి. ఈ హడావుడిలో ఇడ్లీ బండి వైపు గానీ చాయ్ కొట్టు వైపు గానీ చూడకుండా ఆటోలు దిగి నడిచిపోయేవాళ్లు కొందరుంటారు. భుజాన సంచి, అందులో ఓ దుప్పటి, నాలుగు బిస్కెట్లు, లావుపాటి ఫైలు. కాప్రా వైపు ఓ సందు మొదట్లో ఉన్న డయాలసిస్ కేంద్రంలో వీళ్లది మొదటి షిఫ్ట్. లోపలికి వెళ్లగానే ముందు బరువు చూసుకుంటారు. కిందటిసారి నుంచి ఇప్పటిదాకా తాగిన నీళ్ల లెక్క అక్కడ తేలిపోతుంది. ఆ అంకె చూశాకే పలకరింపులు, నవ్వులు, చివాట్లు.

"కేంద్రం పేరు రాయకండి" అని మేనేజర్ ముందే చెప్పారు. రాయాల్సిన అవసరమూ లేదు. వెళ్లిన పని ఒక్కటే: ఏళ్ల తరబడి మిషన్ మీద బతుకు నెట్టుకొస్తున్నవాళ్లు టీకాల గురించి ఏమనుకుంటున్నారో వినడం. ఆ మాట అనగానే కిటికీ పక్క మంచం మీదున్న పెద్దాయన చేయి చూపించి నవ్వేశాడు. ఒకప్పుడు లేత్ మెషిన్ మీద పనిచేసిన మనిషి.

"సూదులు తక్కువైనయా సార్ మాకు?"

లెక్క వేస్తే ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనిపించదు. ఒక్కో డయాలసిస్‌కి ఫిస్టులాలోకి, అంటే చేతిలో ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళంలోకి, రెండు సూదులు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం బయటికొస్తుంది, రెండోదాంట్లోంచి శుద్ధయిన రక్తం లోపలికి వెళుతుంది. వారానికి మూడుసార్లంటే ఆరు సూదులు, ఏడాదికి 312. అవి మామూలు ఇంజెక్షన్ సూదులు కావు, 15, 16 గేజ్‌ల లావుపాటివి. వాటి ముందు టీకా సూది దోమకాటు కింద లెక్క. కాబట్టి డయాలసిస్ రోగులు సూదికి జడిసి టీకా వద్దంటున్నారని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. పెద్దాయన గొంతులో ఉన్నది భయం కాదు, విసుగు. ఇంకో తేదీ గుర్తుపెట్టుకోవాలి, ఇంకో చీటీ పట్టుకుని ఇంకో మందుల షాపుకు తిరగాలి, ఇంకోసారి కొడుకునో అల్లుడినో డబ్బులడగాలి.

కాప్రా అంటే చాలామందికి చెరువే గుర్తొస్తుంది. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసేదాకా ఇది సొంత మునిసిపాలిటీ. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, ఆ తర్వాత న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ రావడంతో చుట్టూ కాలనీలు లేచాయి. ఈసీఐఎల్‌ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే ఏ.ఎస్.రావు నగర్ అయింది. సైనిక్‌పురి నిండా మాజీ సైనికులు, చర్లపల్లి వైపు ఫ్యాక్టరీ కార్మికులు, మధ్యలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగుల కుటుంబాలు. అందుకే ఈ హాల్లో ఆరోగ్యశ్రీ కార్డు, ఈఎస్ఐ కార్డు, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ కార్డు పక్కపక్క మంచాల మీద పడుకుంటాయి. ఏది ఉచితం, ఏది చేతి డబ్బు అన్నది కార్డును బట్టి మారుతుంది. మిషన్, దాని మీద గడిపే నాలుగు గంటలు మాత్రం అందరికీ ఒకటే.

టీకా అంటే ఇక్కడ మొదట గుర్తొచ్చేది "కామెర్ల ఇంజెక్షన్", అంటే హెపటైటిస్-బి టీకా. డయాలసిస్ హాళ్లలో అన్నిటికన్నా పాత భయం ఆ వైరస్‌దే. మనిషి రక్తం ఒంట్లోంచి బయటికొచ్చి గొట్టాల్లో తిరిగే చోటిది. ఎండిన రక్తపు మరక మీద కూడా హెపటైటిస్-బి వైరస్ కనీసం వారం రోజులు చావకుండా ఉండగలదు. 1969-70లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఓ పెద్దాసుపత్రి డయాలసిస్ విభాగంలో అది పాకి, రోగులే కాదు సిబ్బంది కూడా చనిపోయారు. అలాంటి అనుభవాల నుంచే ఇప్పటి నియమాలు పుట్టాయి. కొత్తగా చేరేవారికి ముందు రక్తపరీక్ష, ఆ తర్వాత కొన్ని నెలలకోసారి "మార్కర్లు" (వైరస్ జాడ చూసే రక్తపరీక్షలు), వైరస్ ఉన్నవారికి విడి గది, విడి మిషన్. ఇక్కడా హాలు చివర అద్దాల తలుపు వెనక ఒకటుంది. దాన్ని "పాజిటివ్ మిషన్" అంటారు. దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు.

టీకా విషయంలోనూ డయాలసిస్ వాళ్ల దారి వేరు. మామూలు పెద్దవాళ్లకు 20 మైక్రోగ్రాముల చొప్పున మూడు డోసులు సరిపోతాయి. వీళ్లకు ఒక్కో డోసూ రెట్టింపు, అంటే 40 మైక్రోగ్రాములు. అలాంటివి నాలుగు: మొదటి రోజు, నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు. 20 మైక్రోగ్రాముల సీసాలు కొంటే మొత్తం ఎనిమిది కావాలి. వేయాల్సింది భుజానికి, అదీ ఫిస్టులా లేని చేతికి. ఇంత చేసినా పని పూర్తయినట్టు కాదు. కిడ్నీలు పాడైన ఒంట్లో రోగనిరోధక శక్తి మందగిస్తుంది. ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభైకి పైగా మందికి రక్షణ ఏర్పడితే, డయాలసిస్ రోగుల్లో అది యాభై, అరవై మందికే పరిమితం కావచ్చు. అందుకని ఆఖరి డోసు అయ్యాక నెల, రెండు నెలలకు యాంటీబాడీల పరీక్ష చేయించాలి. మిల్లీలీటరుకు కనీసం 10 మిల్లీ యూనిట్లు ఉంటేనే రక్షణ ఉన్నట్టు. ఆ తర్వాత ఏటా ఓసారి చూసి, తగ్గితే బూస్టర్ వేయాలి.

ఈ లెక్క తగిలి దెబ్బతిన్న మనిషి ఒకావిడ ఉంది. దమ్మాయిగూడ నుంచి వస్తుంది, టైలరింగ్ చేసేది. టీకా పేరెత్తితే మండిపడింది. "నాలుగు ఏసుకున్న. టెస్టు జేస్తే ఒంట్ల ఏం లేదన్నరు. మల్ల మొదటి నుంచి ఏసుకోవాల్నట. నా పైసలు ఏడికి పోయినట్టు?" ఆమెకు జవాబు చెప్పడం తేలిక కాదు. మొదటి విడత పట్టనివాళ్లకు రెండో విడత వేస్తే వారిలో కొందరికి రక్షణ వస్తుందన్నది నిజమే. కానీ మొదటి డోసు వేసేరోజే "ఇది అందరికీ పట్టదు, పట్టకపోతే మళ్లీ వేయాలి" అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తర్వాత చెప్పేసరికి అది సాకులా వినబడింది. టీకా మీద ఆమెకు కోపం లేదు. మాట మీద కోపం.

ఇంతకన్నా గట్టిగా పాతుకున్న అనుమానం ఇంకోటుంది. దాని పుట్టుక ఇక్కడి డయాలసిస్ టెక్నీషియన్ అమ్మాయి చెప్పింది. ఒకాయన కామెర్ల టీకా వేయించుకున్న వారం లోపే మార్కర్ల పరీక్ష తేదీ వచ్చింది. రిపోర్టులో హెచ్‌బీఎస్ ఏజీ పాజిటివ్! ఆయన్ని అద్దాల తలుపు వెనక్కి పంపాలన్నారు. ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి, భార్యాపిల్లలకూ పరీక్షలు చేయించారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయిస్తే నెగటివ్. జరిగింది ఇదీ: టీకాలో వైరస్ ఉండదు. ఈస్ట్ కణాల్లో తయారుచేసిన వైరస్ పైపొర ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. రక్తపరీక్ష వెతికేది కూడా సరిగ్గా ఆ ప్రొటీన్‌నే. టీకా వేశాక కొన్నాళ్లపాటు అది రక్తంలో కనిపించవచ్చు, డయాలసిస్ రోగుల్లో మరికాస్త ఎక్కువ రోజులు. అందుకే డోసు పడ్డాక నాలుగు వారాల లోపు ఆ పరీక్ష చేయకూడదంటారు నిపుణులు. ఇక్కడ రెండు తేదీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అంతే. కానీ రెండో రిపోర్టు వచ్చేలోపు మొదటి రిపోర్టు మూడు షిఫ్టులూ చుట్టేసింది. "ఆ సూదితోటే ఆయనకు కామెర్లొచ్చినయి" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను అజ్ఞానులనడం అన్యాయం. కళ్లారా చూసిన కాగితాన్నే నమ్మారు వాళ్లు.

ఇక డబ్బు. పసిపిల్లలకు హెపటైటిస్-బి టీకా ఉచితంగా వేసే కార్యక్రమం దేశమంతటికీ విస్తరించింది 2011లో. ఇప్పుడు మిషన్ మీదున్నవాళ్లలో దాదాపు అందరూ అంతకు ముందు పుట్టినవాళ్లే. చిన్నప్పుడు పడలేదు, పెద్దయ్యాక ఇచ్చే ఉచిత పథకం వీళ్లదాకా రాలేదు. తెలంగాణ ప్రభుత్వాసుపత్రుల్లో డయాలసిస్ ఉచితం. నిమ్స్, గాంధీ, ఉస్మానియాలను కేంద్రాలుగా పెట్టి జిల్లాలకు విస్తరించారు. ఒకరికి వాడిన ఫిల్టర్ మళ్లీ వాడకుండా ప్రతిసారీ కొత్తది పెట్టే పద్ధతీ తెచ్చారు. 2022లో డయాలసిస్ రోగులకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను మొదలైంది. ఇవన్నీ పెద్ద పనులే. ఈ కేంద్రంలో మాత్రం టీకా ఇంకా "బయట కొనుక్కుని తెచ్చుకోవాల్సిన" జాబితాలోనే ఉంది.

కొని తెచ్చుకోవడంలో ఇంకో తిప్పలుంది. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెల ఎండలో మందుల షాపు నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఇక్కడికి తెచ్చేసరికి అది ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చెడిపోతుందేమోనని జాగ్రత్తపడి ఒకావిడ దాన్ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టిందట. హెపటైటిస్-బి టీకాకు వేడి కన్నా గడ్డకట్టడమే ఎక్కువ ప్రమాదం. ఒకసారి గడ్డకడితే పనికిరాదు. పడేసి ఇంకోటి కొన్నారు.

ఇదంతా జరుగుతున్నది ఏ జిల్లాలోనో చూడండి. కాప్రా మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. అదే జిల్లాలో, మేడ్చల్ పక్కన అత్వెల్లిలో శాంతా బయోటెక్నిక్స్ ప్లాంటు వెలిసింది. కె.ఐ.వరప్రసాద్ రెడ్డి తల్లి పేరు మీద 1993లో పెట్టిన ఆ కంపెనీ 1997లో శాన్‌వాక్-బి తెచ్చింది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అదే. అప్పటిదాకా విదేశాల నుంచి వచ్చే టీకా మామూలు మనిషి కొనలేనంత ఖరీదు. ఆ ధర నేలకు దిగింది హైదరాబాద్ నుంచే. ఆ తర్వాత భారత్ బయోటెక్, బయోలాజికల్-ఇ లాంటి ఇక్కడి సంస్థలూ ఇదే టీకా చేశాయి. ప్రపంచానికి టీకాలు పంపే జిల్లాలో ఓ రోగి ఐస్ ప్యాక్ పెట్టిన టిఫిన్ సంచితో ఆటో ఎక్కుతున్నాడంటే, లోపం ఫ్యాక్టరీలో లేదు. పథకం రాసినవాళ్ల జాబితాలో ఒక గడి ఖాళీగా ఉంది.

కోవిడ్ మాట ఎత్తగానే హాలు మొత్తం గొంతు కలిపింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు "ఇంట్లోనే ఉండండి" అన్న మాట వీళ్లకు వర్తించలేదు. ఒక్క వారం మానేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. పోలీసులు ఆపితే చొక్కా చేయి మడిచి ఫిస్టులా చూపించి వచ్చిన రోజులవి. 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి, ముందు వైద్య సిబ్బందికి. మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకు, 45 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి తీవ్రమైన జబ్బులున్నవాళ్లకు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఇరవై జబ్బుల జాబితాలో డయాలసిస్ మీదున్న కిడ్నీ రోగం కూడా ఉంది. డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకెళితే టీకా.

మరి 45 లోపు వాళ్లు? రెండో వరుసలో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న కుర్రాడు అది తీసి జవాబిచ్చాడు. డిగ్రీ చదువుతున్నప్పుడే కిడ్నీలు పోయాయి. "నేనూ వీళ్ల పక్క మంచం మీదే పడుకునేవాణ్ని సార్. ఈ అంకుల్‌కి మార్చిలో వేశారు, నాకు వయసు లేదన్నారు." పద్దెనిమిది దాటిన అందరికీ తలుపు తెరిచింది మే 1న. అప్పటికి రెండో వేవ్ ఊళ్లను ఊపేస్తోంది, టీకాలకు కొరత. జబ్బును కాకుండా పుట్టిన సంవత్సరాన్ని చూసి గీసిన ఆ గీత ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చిందో గానీ, "టీకా వద్దనే రోగులు" అని మాట్లాడేటప్పుడు టీకా కావాలని అడిగి దొరకని ఈ వరుసను ఎవరూ తలచుకోరు.

ఏ టీకా అన్నది మరో చర్చ. కోవాగ్జిన్ ఈ జిల్లాదే. శామీర్‌పేట దాటాక తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ చేసింది. 2020 నవంబర్ 28న ప్రధాని వచ్చి ఆ ప్లాంటు చూసి వెళ్లారు. కానీ 2021 జనవరి 3న దానికి అత్యవసర అనుమతి ఇచ్చేనాటికి మూడో దశ ఫలితాలు రాలేదు. మధ్యంతర ఫలితాలు వచ్చింది మార్చి మొదట్లో. ఆ రెండు నెలలు "ఆగి చూద్దాం" అన్నవాళ్లది మొండితనం కాదు. సైనిక్‌పురి నుంచి వచ్చే మాజీ సుబేదార్ అదే అన్నారు: "నేను ఫలితాలొచ్చాకే వేయించుకున్నాను. ఆర్డర్ చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదండీ."

2024 వేసవిలో అనుమానం మళ్లీ లేచింది. కోవిషీల్డ్ మూల కంపెనీ ఆస్ట్రాజెనెకా, తన టీకా వల్ల బహు అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని బ్రిటన్ కోర్టు పత్రాల్లో ఒప్పుకున్న వార్త టీవీల్లో మారుమోగింది. అప్పటినుంచీ ఈ హాల్లో ఎవరికి గుండెపోటు వచ్చినా "ఆ సూది వల్లే" అనడం మొదలైంది. ఆ సమస్య వస్తే డోసు పడిన కొద్ది వారాల్లో రావాలి గానీ మూడేళ్ల తర్వాత కాదు. పైగా డయాలసిస్ రోగుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది గుండెజబ్బే, కోవిడ్‌కు ముందూ అంతే. ఈ మాట అంటే ఎవరూ కాదనలేదు, అవుననీ అనలేదు. ఎదురుగా గోడ మీద టీవీ మాత్రం మోగుతూనే ఉంది.

ఆ టీవీ చిన్న విషయం కాదు. అమెరికాలో 2021 మొదట్లో డయాలసిస్ రోగులను కోవిడ్ టీకా గురించి అడిగి ఓ సర్వే చేశారు. జవాబిచ్చింది 1,515 మంది. అందరికీ సురక్షితమని తేలినా వేయించుకోవడానికి వెనకాడతామన్నవాళ్లు ఐదింట ఒక వంతు. ప్రధాన కారణం దుష్ప్రభావాల భయం. టీకా సమాచారం ఎక్కడినుంచి వస్తోందంటే మొదట చెప్పింది టీవీ వార్తలు, ఆ తర్వాతే డయాలసిస్ సిబ్బంది. వారానికి పన్నెండు గంటలు పక్కనే నిలబడే మనిషి కన్నా గోడ మీది పెట్టె ముందుందన్నమాట. ఇక్కడా పరిస్థితి అదే అయ్యేది, ఆ టెక్నీషియన్ అమ్మాయి లేకపోతే.

నల్గొండ వైపు నుంచి వచ్చిన పిల్ల, డిప్లొమా చదివింది. నెఫ్రాలజిస్టు రౌండ్లకు వచ్చి మంచానికి రెండు నిమిషాలు ఆగి వెళతారు. ఈమె నాలుగు గంటలూ ఉంటుంది. ఎవరి బీపీ ఏ గంటకు పడిపోతుందో, ఎవరు దొంగతనంగా ఆవకాయ తిన్నారో ఆమెకు తెలుసు. టీకా గురించి ఉపన్యాసం ఇవ్వదు. సూదులు పెట్టి ప్లాస్టర్ వేస్తూ "తాతా, మూడో డోసు పదిహేనో తారీఖు. రేపే చెప్పు మీ కొడుక్కి" అంటుంది. ప్రతి ఫైలు అట్ట లోపల ఆమె చేత్తో గీసిన చిన్న పట్టిక ఉంది. నాలుగు డోసుల తేదీలు, మార్కర్ల తేదీ, యాంటీబాడీ అంకె. పాజిటివ్ గొడవ తర్వాత మొదలుపెట్టిందట. రెండు తేదీలు ఎదురుపడకుండా చూడటం అప్పటినుంచీ ఆమె పని. జీతంలో లేని పని. లేత్ పెద్దాయన కూడా చివరికి ఒప్పుకున్నాడు: "డాక్టర్ చెప్తే సరే అంట. బిడ్డ చెప్తే ఏపిచ్చుకుంట."

ఇయర్‌ఫోన్ కుర్రాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకున్నాడు, కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నాడు. మార్పిడి జరిగాక రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు మొదలవుతాయి. అప్పుడు టీకాలు సరిగా పట్టవు, బతికున్న సూక్ష్మజీవులతో చేసినవి అసలు వేయకూడదు. వేయించుకోవాల్సినవి ముందే వేయించుకోవాలి. అతని ఫైల్లో పట్టిక నిండుగా ఉంది. ఫ్లూ టీకా కూడా ఏటా వేయించుకుంటున్నాడు. హాల్లో మిగతావాళ్లకు ఫ్లూ, న్యుమోనియా టీకాలున్నాయన్న సంగతే పెద్దగా తెలియదు, అడిగినవారూ లేరు. డయాలసిస్ రోగులకు రెండూ అవసరమే.

మొదటి షిఫ్ట్ ముగిసే వేళకు సూదులు తీసి, గుచ్చినచోట దూది నొక్కిపట్టుకుని ఒక్కొక్కరే మళ్లీ బరువు చూసుకుంటున్నారు. దమ్మాయిగూడ ఆవిడ ఫైలు సర్దుకుంటూ టెక్నీషియన్‌ను పిలిచి అడిగింది: రెండో విడత ఏస్తే పట్టుద్దని గ్యారంటీ ఉందా? "గ్యారంటీ లేదమ్మా. అవకాశం ఉంది" అంది ఆ పిల్ల. ఆవిడ ఆలోచించి చెబుతానంది.

ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్నవాళ్లు ఈసారి వెళ్లినప్పుడు ఫైలు తెరిచి చూడండి. హెపటైటిస్-బి డోసులు ఎన్ని పడ్డాయో, యాంటీబాడీ అంకె ఎంతో, ఆఖరిసారి ఎప్పుడు చూశారో అందులో ఉండాలి. లేకపోతే డాక్టర్ రౌండ్లకు వచ్చేదాకా ఆగకండి, మిషన్ పక్కనున్న టెక్నీషియన్‌ను అడగండి. టీకా మీరే తెచ్చుకోవాల్సి వస్తే ఫ్రీజర్‌లో పెట్టకండి, మామూలు ఫ్రిజ్ అర చాలు. ఆరో నెల డోసు దగ్గరే ఎక్కువమంది మరిచిపోతున్నారని ఆ అమ్మాయి చెప్పింది. ఆ తేదీని మొదటి డోసు రోజే క్యాలెండర్‌లో రాసుకోండి.